విరిచినవాడే తియ్యాలి

మా ఆయన చేతికొచ్చిన ఇంజనులో విరిగిన బోల్టు మిగిలిపోవడమనేది లేదు. సికింద్రాబాదు కార్ఖానా బస్తీలో ఎవరిని అడిగినా ఈ మాటే చెప్పేవారు. నన్ను అడిగితే ఇంకాస్త గట్టిగా చెప్పేదాన్ని. మనిషి మంచివాడా అని మాత్రం నన్నెవరూ అడగలేదు. పనిమంతుడి గురించి ఆ ప్రశ్న ఎవరికీ తోచదు.

మా ఇల్లూ షెడ్డూ ఒకే రేకుల కప్పు కింద ఉండేవి. ముందు షెడ్డు, వెనక మేము. వంటింటి కిటికీ తెరిస్తే ఇంజను పొగ లోపలికి వచ్చేది, మూస్తే పొయ్యి పొగ బయటికి పోయేది కాదు. ఏ పొగ కావాలో ఎంచుకోవడం ఒక్కటే ఆ ఇంట్లో నాకున్న అధికారం. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చప్పుళ్ళకు తల పగిలేది. తరవాత తరవాత చప్పుడు వింటేనే ఏ పని నడుస్తోందో తెలిసిపోయేది. ఆయన నాకు ఏదీ నేర్పలేదు, అయినా చాలా నేర్చుకున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇంజనుకు కింద బ్లాకు, పైన మూతలాగా హెడ్డు ఉంటాయి. రెంటినీ కలిపి పట్టుకునేవి బోల్టులు. నీరూ వేడీ తగిలి తగిలి ఏళ్ళ తరబడి తుప్పు పడితే బోల్టు బ్లాకుకే అతుక్కుపోతుంది. తెలియక బలం పెట్టి తిప్పితే తల ఊడి చేతికొస్తుంది, మొండెం బ్లాకులోనే ఉండిపోతుంది. దాన్ని బయటికి తియ్యడానికి బలం పనికిరాదు. ఓపిక కావాలి, చేతిలో మెత్తదనం కావాలి. ఆ మెత్తదనం మా ఆయన చేతుల్లో ఎంత ఉండేదో చెప్పలేను. మిగతా మనిషిలో ఎక్కడా కనబడేది కాదు.

షెడ్డులో ఒక ఆచారం ఉండేది. మా మామగారు కమ్మరి. ఆయన కొలిమి దగ్గర ఎవరి చేతిలో ఏది విరిగితే వాళ్ళే దాన్ని బాగుచెయ్యాలట. మా ఆయన దాన్ని షెడ్డుకు తెచ్చాడు. బోల్టు విరిచినవాడే తియ్యాలి, ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు, తీసేదాకా వాడికి చాయ్ లేదు, వాడితో ఎవరూ మాట్లాడకూడదు. పనివాళ్ళు తిట్టుకునేవారు గానీ, దానివల్ల పానా పట్టుకునే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. అది పనివాళ్ళకు పెట్టిన కట్టు. బండి తెచ్చిన గిరాకీకి అది ఎన్నడూ వర్తించలేదు, ఆ ఒక్కసారి తప్ప.

ఆ ఏడాది ఎండాకాలంలో నల్లగొండ వైపు మా ఊళ్ళో మా మరిదిని రజాకార్లు చంపారు. ఊళ్ళోకి వచ్చి, ఇల్లు కాల్చి, అడ్డం వెళ్ళినవాణ్ణి అక్కడే పడగొట్టారు. మాకు శవం కూడా దక్కలేదు. నోరు తెరిస్తే "అన్నా" అనే పిల్లవాడు. అన్నా చాయ్ తాగుదామా, అన్నా ఎండ కొడుతుంది, అన్నా వదిన కోపంగా ఉంది అంటూ, మేం ఊరికెళ్తే మా ఆయన వెంటే తిరిగేవాడు. కబురు తెలిసిన రోజు మా ఆయన ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఒక లారీ చక్రం విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పాడు. నేను మాత్రం పొయ్యి ముందు కూర్చుని వాడి కోసం గుండె పగిలేలా ఏడ్చాను.

తరవాత పోలీసు యాక్షన్ వచ్చింది. యూనియన్ సైన్యం సికింద్రాబాదులో దిగిన రోజు మా వీధిలో లడ్డూలు పంచారు. మా ఆయన కూడా పంచాడు. నేనూ తిన్నాను, అబద్ధమెందుకు. ఇక ఎవరూ ఎవరి తమ్ముణ్ణీ చంపరని సంబరపడ్డాను. అప్పుడే బీదరు దారి నుంచి వేరే కబుర్లు రావడం మొదలైంది. అక్కడి ఊళ్ళలో ముసల్మానుల ఇళ్ళ మీద పడుతున్నారని, బావులు నిండుతున్నాయని లారీ డ్రైవర్లు గొంతు తగ్గించి చెప్పుకునేవారు. మా ఆయన అవి వింటూ చేతులు తుడుచుకునేవాడు. "కానియ్" అనేవాడు, అంతే.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఎద్దులబండికి తాడు కట్టి ఒక నల్ల కారును లాక్కొచ్చారు. వెంట నడిచి వచ్చింది ఒక డ్రైవరు, బేగంపేటలో ఒక ముసలి దొరసాని దగ్గర పనిచేసేవాడు. ముసల్మాను. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. మా మాట ఎట్లాంటిదో అతని మాటా అట్లాంటిదే, కళ్ళు మూసుకుని వింటే మా ఊరివాడే అనుకుంటాం. బండి ఆగీ ఆగకముందే తన గోడు మొదలుపెట్టాడు.

"అన్నా, జెర మెహర్బానీ చెయ్యి. నా ఇంటామె తొలి కాన్పుకు తల్లిగారింటికి వోయింది. బీదరు దిక్కు. ఆడ పరిస్థితి మంచిగ లేదంట. దొరసాని మిలిటరీ సాబులతోని మాట్లాడి ఈ బండికి పాసు ఇప్పిచ్చింది. పోయి తోల్కొస్త. ఆమెకు కబురు సుత వంపిన, ఇల్లు కదలకు, బండి తెస్తున్న అని."

"నన్ను అన్న అనకు" అన్నాడు మా ఆయన. "నన్ను అన్న అనేటోడు సచ్చిండు."

డ్రైవరు గతుక్కుమన్నాడు. ఆ తరవాత "ఉస్తాద్" అనే అన్నాడు. కారు బానెట్టు ఎత్తి చూపించాడు. బయల్దేరబోతే ఇంజను నీళ్ళు తాగి పొగలు కక్కిందట. షెడ్లన్నీ మూసి ఉన్నాయని, తొందర కొద్దీ తానే హెడ్డు విప్పబోయాడట. పానాకు గొట్టం తొడిగి బలం పెట్టేసరికి ఒకటి విరిగింది. దాన్ని చూసి బుద్ధి రాక ఇంకోటీ విరిచాడు. హెడ్డు ఊడొచ్చింది గానీ ఆ ముక్కలు బ్లాకులోనే ఉండిపోయాయి. ఆ రెండూ రాకపోతే హెడ్డు బిగియదు, హెడ్డు బిగియకపోతే బండి మైలు కూడా నడవదు.

మా ఆయన వంగి చూశాడు. వేలితో ఆ విరిగిన చోట్లు తడిమాడు. ఆయన ఆ రెండింటినీ ఎంతసేపట్లో తీయగలడో వేలు పెట్టినప్పుడే ఆయనకు తెలుసు. కిటికీలోంచి చూస్తున్న నాకూ తెలుసు.

"ఎవరు విరిచిన్రు?"

"నేనే, ఉస్తాద్."

"అయితే నువ్వే తియ్యాలె. మా షెడ్డుల కానూను గది. విరిచినోడే తియ్యాలె."

డ్రైవరు అది తమాషా అనుకుని నవ్వాడు. మా ఆయన ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. "నాకు నడుపుడే వస్తది ఉస్తాద్, ఈ పని రాదు" అన్నాడు. "ఇంకో షెడ్డుకన్న తీస్కపోత."

"తీస్కపో. ఏ షెడ్డు తెరిచుందో నాకు సుత చెప్పు."

ఆయన మాట నిజమే. ఆ చుట్టుపక్కల షెడ్లలో సగం ముసల్మానులవి, వాటికి తాళాలు పడ్డాయి. మిగతా వాటిలో మిలిటరీ లారీలు నిండి ఉన్నాయి. బస్సుల్లేవు. రైలెక్కి ఆ దిక్కు పోయే ధైర్యం అతని మతంవాడికి ఎవరికీ లేదు. ఆ పాసు బండికే గానీ మనిషికి కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం మా ఆయన. డ్రైవరు చొక్కా విప్పి మడిచి పక్కన పెట్టాడు.

మొదట విరిగిన చోటు చదును చెయ్యాలి. సరిగ్గా నడిమధ్యన ములుకుతో గుర్తు కొట్టాలి. ఆ గుర్తు మీద చేతి బర్మాతో సన్నని రంధ్రం తొలవాలి, నిట్టనిలువుగా. ఆ రంధ్రంలో నాలుగు పలకల ఉక్కు మేకు దిగ్గొట్టి, దాన్ని ఎడమకు తిప్పితే బోల్టు ముక్క కూడా వెంట తిరిగి పైకొస్తుంది. చెప్పడానికి ఇంతే. కానీ బోల్టు ఉక్కు, బ్లాకు పోత ఇనుము, దానికంటే మెత్తన. చెయ్యి కాస్త వాలితే బర్మా మెత్తని వైపుకే జారిపోతుంది. మనిషి కోపం కూడా అంతే, గట్టివాణ్ణి వదిలి మెత్తనివాడి మీదికి పోతుంది. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు. మా మరిదిని చంపినవాళ్ళు ఎక్కడున్నారో మా ఆయనకు తెలియదు, ఈ దుత్త మాత్రం కాళ్ళ దగ్గరికి నడిచి వచ్చింది.

ఆయన స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. పనివాళ్ళిద్దర్నీ వేరే పనికి పంపించాడు. డ్రైవరు బర్మా తిప్పుతుంటే చాయ్ తాగుతూ చూశాడు. బర్మా జారి అతని వేలు చీరుకుపోయింది. "రక్తం బ్లాకుల పడనియ్యకు, తుప్పు వడతది" అన్నాడు. మధ్యాహ్నం నమాజు వేళకు డ్రైవరు ఒక గోనెసంచి పరుచుకుని మూలకు నిలబడ్డాడు. మా ఆయన లేచి, ఆ మూలకే పొగగొట్టం తిరిగి ఉన్న లారీని స్టార్టు చేశాడు. నల్లని పొగలో దగ్గుతూనే అతను నమాజు పూర్తి చేశాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను చాయ్ గ్లాసూ ఒక కొవ్వొత్తీ పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. కొవ్వొత్తి సంగతి మా ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. మొండి బోల్టు అయితే అందర్నీ బయటికి పంపి, నన్ను కొవ్వొత్తి అడిగేవాడు. మంట చిమ్మే బ్లోలాంపుతో ఆ చోటు బాగా కాల్చి కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి, కిరసనాయిలు కూడా దూరని సందుల్లోకి దిగిపోతుంది. అప్పుడు బోల్టు మాట వింటుంది.

"తమ్మీ, ముందు బాగ వేడి చెయ్యి. కాగినంక ఈ మోంబత్తి ఆనించు. మైనం లోపటికి గుంజుకుంటది. జెర సల్లారనియ్యి, అప్పుడు తిప్పు" అన్నాను.

మా ఆయన లేచి వచ్చి ఆ కొవ్వొత్తి నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. చాయ్ గ్లాసు అందుకుని నేల మీద పారబోశాడు.

"ఏందీ, ఆడోళ్ళ ఉస్తాద్‌గిరి షురూ అయిందా? తమ్మి అంటున్నవ్? నా తమ్ముడు ఏడున్నడో తెల్వదా నీకు?"

"తెలుసు. వాణ్ణి ఈయన సంపలె."

"లోపటికి నడువు."

"గా పిల్ల కడుపుతోని ఉన్నదయ్యా!"

ఆయన నన్ను భుజం పట్టుకుని తోసుకుంటూ వంటింట్లో వదిలి, బయట గొళ్ళెం పెట్టాడు. నేను కిటికీ ఊచలు పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన వినబడనట్టే ఉన్నాడు. డ్రైవరు మాత్రం తల ఎత్తకుండా, "పోనియ్ అక్కా, నా కోసం మీరు తక్లీఫ్ వడకుండ్రి" అన్నాడు.

ఆ రాత్రి అతను కారులోనే పడుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి మొదటి బోల్టు వచ్చింది. నిజంగానే వచ్చింది. కొవ్వొత్తి లేకుండా, ఏ అనుభవమూ లేకుండా, ముందుకూ వెనక్కీ కొంచెం కొంచెంగా కదిలిస్తూ తీశాడు. ఆ తుప్పు ముక్కను అరచేతిలో పెట్టుకుని పసిపిల్లను చూసినట్టు చూసుకున్నాడు. నా కళ్ళు తడిసిపోయాయి. మా ఆయన ముఖంలో మెప్పు ఒక్క క్షణం కనబడింది, పనివాడు కదా, దాచుకోలేడు. ఆ వెంటనే అది పోయి ఇంకేదో వచ్చింది.

రెండోదానికి రంధ్రం కూడా చక్కగా పడింది. మేకు దిగింది. డ్రైవరు మొదటిదానికి చేసినట్టే జాగ్రత్తగా కదిలిస్తున్నాడు. అప్పుడు మా ఆయన స్టూలు మీంచి లేచి దగ్గరికొచ్చి, రెండు రోజుల్లో మొదటిసారి మంచిగా మాట్లాడాడు.

"గట్ల కాదు. ఇది మరలల్ల బిగుసుకున్నది, ఇగ బలం వెట్టాలె. గట్టిగ తిప్పు. ఇంక గట్టిగ. నేను చెప్తున్న కదా."

ఆ మేకు గట్టి ఉక్కు, అందుకే పెళుసు. బలం పెడితే విరుగుతుందని షెడ్డులో ఊడ్చే మనిషికి కూడా తెలుసు. డ్రైవరుకు తెలియదు. అతనికి తెలిసిందల్లా ఉస్తాదు కరిగి సాయం చేస్తున్నాడని. కళ్ళల్లో ఎంత సంతోషం! "అట్లనా ఉస్తాద్?" అంటూ రెండు చేతులా బలమంతా పెట్టి తిప్పాడు. నేను కిటికీలోంచి "వద్దూ" అని అరిచేలోపలే టప్పుమంది. మేకు విరిగి సగం లోపలే ఉండిపోయింది. బర్మా దాని మీద జారిపోతుంది తప్ప దిగదు. విరిగిన బోల్టును తియ్యవచ్చు, దాని కడుపులో విరిగిన మేకును తియ్యడం కొత్తవాడి తరం కాదు.

డ్రైవరు అర్థం కాక మా ఆయన వంక చూశాడు. "విరిగింది ఉస్తాద్."

"అవును. నువ్వే విరిచినవ్."

అతను మా ఆయన కాళ్ళ మీద పడ్డాడు. ఎదిగిన మగవాడు నూనె మరకల నేల మీద బోర్లా పడి, "నీ తమ్ముడనుకో, నీ నౌకరనుకో, జిందగీ మొత్తం నీ షెడ్డుల పనిచేస్త" అని ఏడ్చాడు. మా ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. కానూను అందరికీ ఒకటే అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే డ్రైవరు కాలినడకన బయల్దేరాడు. అప్పటికి మా ఆయన వంటింటి గొళ్ళెం తీశాడు. జొన్నరొట్టెలు గుడ్డలో కట్టిచ్చాను. తీసుకుని, "దువా చెయ్యి అక్కా" అన్నాడు. బీదరు దాకా ఎట్లా నడుస్తాడో, దారిలో ఎవరు ఏమని అడుగుతారో తలుచుకుంటూ, అతను మలుపు తిరిగేదాకా చూశాను.

నేను వచ్చి పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టాను. షెడ్డులో బ్లోలాంపు చప్పుడు మొదలైంది. కిటికీలోంచి చూస్తే మా ఆయన ఆ కారు మీద వంగి ఉన్నాడు. విరిగిన మేకును సన్నని ఉలితో ముక్కలు ముక్కలుగా చిట్లగొట్టి ఊదేశాడు. ఆ చోటు కాల్చాడు. జేబులోంచి నా కొవ్వొత్తి తీసి ఆనించాడు. ఇంకో మేకు దిగ్గొట్టి, తల్లి నిద్రపోయే బిడ్డను పక్కకు తిప్పినంత మెత్తగా ఎడమకు తిప్పాడు. బోల్టు వచ్చేసింది. నేను అన్నం వార్చి వచ్చేసరికి ఆయన చేతులు కడుక్కుంటున్నాడు.

"ఏమయ్యా, ఇంతదానికా?" అన్నాను. "ఇప్పుడు ఎందుకు తీసినవ్?"

"మన షెడ్డుల బోల్టు మిగిలిందంటే మర్యాద గాదు" అన్నాడు.

చలి ముదిరాక డ్రైవరు తిరిగి వచ్చాడు. గడ్డం పెరిగింది, కాళ్ళకు చెప్పుల్లేవు, ఒంటరిగా వచ్చాడు. దొరసానికి వేరే డ్రైవరు దొరకక కారు అప్పటిదాకా మా షెడ్డులోనే ఉంది. మా ఆయన అతన్ని చూసి కొంచెం తడబడ్డాడు. తడబాటు కప్పిపుచ్చుకోవడానికి తన పనే చూపించాడు. హెడ్డు బిగించి, గాస్కెట్టు మార్చి, అంతా సిద్ధం చేసి పెట్టానంటూ స్టార్టు చేశాడు. ఇంజను చప్పుడు నీళ్ళు పారినట్టు ఉంది.

డ్రైవరు ఆ చప్పుడు విని, "ఎప్పుడు తీసినవ్ ఉస్తాద్?" అని అడిగాడు.

"నువ్వు వోయినప్పుడే. గా పొద్దుగాల్నే."

"ఎంత సేపు వట్టింది?"

అబద్ధం చెబుతాడేమోనని చూశాను. చెప్పమని మనసులో మొక్కుకున్నాను కూడా. ఒక పూట పట్టిందనో, నానా తిప్పలు పడ్డాననో అంటే ఆ మనిషికి కాస్త ఊరట. కానీ పని విషయంలో మా ఆయన ఎన్నడూ అబద్ధమాడడు, అదీ ఆయన గర్వం.

"అన్నం ఉడికినంత సేపు" అన్నాడు.

డ్రైవరు తల ఊపాడు. అతను మాట్లాడింది మా ఆయనతో కాదు, నాతోనూ కాదు, ఆ ఇంజనుతో అన్నట్టు మాట్లాడాడు. "వాడకట్టోళ్ళంత ముందుగాల్నే గల్బర్గా దిక్కు వోయిన్రంట. ఆమెను సుత రమ్మన్నరంట. రాలేదంట. మా ఆయన బండి తెస్తుండు, ఇల్లు కదలొద్దన్నడు అని దర్వాజ కాడనే కూసున్నదంట. నేను వోయే ముందటి దినం దాక ఉన్నదంట. బండి చప్పుడు ఇనవడితే సాలు, బయటికి ఉరికొచ్చేదంట. ఆఖరుకు ఉరికొచ్చింది సుత గట్లనే. వచ్చింది వేరే బండి."

అతను మా ఆయనను ఒక్క మాట అనలేదు. నిందించి ఉంటే, రాయి తీసుకుని కొట్టి ఉంటే నాకు కొంత బరువు దిగేది. "షుక్రియా ఉస్తాద్, మంచిగ చేసినవ్" అని కారెక్కి బేగంపేట వైపు వెళ్ళిపోయాడు. తనను మోసం చేసి మేకు విరగ్గొట్టించిన సంగతి అతనికి ఎన్నటికీ తెలియదు. నేను చెప్పబోయి మానేశాను. చెబితే అతను ఏం చేసుకుంటాడు?

మా ఆయన లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. "అన్నం వెట్టు" అన్నాడు. పెట్టాను. తిన్నాడు. ఇంకొంచెం పెట్టమన్నాడు, పెట్టాను. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "ఇగ సమం అయింది."

"ఎవరితోనయ్యా సమం? నీ తమ్ముణ్ణి సంపింది గా పిల్లనా? ఆమె కడుపుల ఉన్న పిల్లనా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. ఆయన ఉలకనూ లేదు. తువాలుతో మూతి తుడుచుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు, కాసేపటికి పానాల చప్పుడు మొదలైంది.

ఎక్కడికి పోతాను? పుట్టిల్లు కాలిపోయింది, అత్తగారి ఇల్లూ కాలిపోయింది. ఆ మనిషికే పిల్లల్ని కన్నాను, ఆయన జ్వరాలకు కషాయాలు కాచాను, ఆయన పోయేదాకా వేళకు వండి పెట్టాను. ఒక్కటే మానేశాను. ఆయన పని నుంచి లోపలికి వస్తే "ఆకలైందా?" అని అడగడం నాకు అలవాటు. ఆ రోజు తరవాత ఎన్నడూ అడగలేదు. ఆయనకు ఆ తేడా తెలిసింది. చివరి రోజుల్లో మంచం మీద పడి ఒకసారి, "నన్ను ఏమన్న అడుగవే?" అన్నాడు. నేను కంచం అక్కడ పెట్టి లేచి వచ్చేశాను.